వంటింటి గోడలో కాలిన వైరు: మరమ్మతు చేసిన మేస్త్రిగారి పని గురించి

మా ఇల్లు రాజమహేంద్రవరంలో, దానవాయిపేట దగ్గర, 1996లో కట్టినది. అప్పట్లో అందరిలాగే మేమూ గోడల్లో పీవీసీ పైపులు పాతించి వాటిలోంచి వైర్లు లాగించాము. బల్బులు, స్విచ్చులు మార్చుకోవడం తప్ప ఆ వైర్ల జోలికి వెళ్లవలసిన అవసరం మాకు చాలా కాలం కలగలేదు. పోయిన ఏడాది వానాకాలంలో వంటింటి గోడ ముట్టుకుంటే కరెంటు కొట్టడం మొదలైన తరువాతే ఆ గోడ లోపల ఏముందో తెలుసుకోవలసి వచ్చింది. ఆ మరమ్మతు చేసిన మేస్త్రిగారి పనితనం గురించి ఇక్కడ వివరంగా రాస్తున్నాను. ఆయనకు మా పేటలోనే చిన్న ఎలక్ట్రికల్ దుకాణం ఉంది. ఒప్పుకున్న పనులే చేతినిండా ఉన్నాయని, పేరూ ఫోను నంబరూ రాయవద్దని ఆయన కోరారు కనుక అవి రాయడం లేదు. పని ఎలా జరిగిందో మాత్రం ఏదీ వదలకుండా చెబుతాను.

ముందుగా నష్టం ఎలా జరిగిందో చెప్పాలి. ఆ ఏడాది ఫిబ్రవరిలో మంచినీళ్ల ప్యూరిఫయర్ బిగించడానికి వచ్చిన కుర్రాళ్లు వంటింటి స్విచ్‌బోర్డుకు సరిగ్గా జానెడు పైన డ్రిల్లింగ్ మిషను పెట్టారు. బోర్డు నుంచి వైర్ల పైపు దాదాపు ఎప్పుడూ నిలువుగా పైకి గాని కిందికి గాని వెళుతుంది కాబట్టి గోడ మొత్తం మీద మేకు కొట్టకూడని చోటు ఏదైనా ఉంటే అదే. నేను పక్కనే ఉండి కూడా ఆ సంగతి తెలియక ఊరుకున్నాను. టప్పుమని శబ్దం వచ్చి, కరెంటు హద్దు మీరితే సరఫరా ఆపేసే స్విచ్చు, ఎంసీబీ, పడిపోయింది. ఆ సాయంత్రమే తెలిసినవాళ్ల ద్వారా ఒక ఎలక్ట్రీషియన్‌ను పిలిపిస్తే, అరచేతి మేర గోడ పగలగొట్టి, తెగిన వైర్లను మెలిపెట్టి, టేపు చుట్టి, సిమెంటు పూసేసి, ముప్పావు గంటలో 600 రూపాయలు తీసుకుని వెళ్లిపోయాడు. దీపాలు వెలిగాయి, మిక్సీ తిరిగింది, పని అయిపోయిందనే అనుకున్నాము.

ఆగస్టులో నాలుగు రోజులు వదలని ముసురు పట్టి గోడలు చెమ్మగిల్లినప్పుడు మా అమ్మ, కుళాయి దగ్గర గోడకు చెయ్యి ఆనించిన ప్రతిసారీ జివ్వుమంటోందని చెప్పింది. ఆమెకు ఎనభై ఒక్క ఏళ్లు, చేతులు వణుకుతాయి; తిమ్మిరేమోనని మొదట నేను పెద్దగా పట్టించుకోలేదు. మరునాడు టెస్టరు పెట్టి చూస్తే గోడ మీదే సన్నగా దీపం వెలిగింది. ఆ మాట వెంటనే వినిపించుకోనందుకు ఇప్పటికీ బాధగానే ఉంది. ఇంకా పరీక్షగా చూస్తే, ఫిబ్రవరిలో సిమెంటు పూసిన చోట సున్నం రూపాయి బిళ్ళంత మేర గోధుమరంగుకు తిరిగింది. ఇండక్షన్ స్టవ్ పది నిమిషాలు వాడిన తరువాత అక్కడ చెయ్యి పెడితే గోరువెచ్చగా తగిలింది.

విద్యుత్ శాఖ లైన్‌మన్ వచ్చి స్తంభం నుంచి మీటరు దాకా చూసి అంతా బాగానే ఉందన్నారు. మీటరు దాటిన తరువాత ఇంటి లోపలి వైరింగు బాధ్యత ఇంటివారిదే. ఇంకో ఇద్దరిని పిలిచి ధర అడిగాను. ఒకరు గోడను కదపకుండా పైన కేసింగ్ పట్టీ వేసి కొత్త వైరు లాగితే 3,500 రూపాయలతో సరిపోతుందన్నారు. రెండవవారు పాత ఇల్లు కనుక మొత్తం వైరింగు తీసి మళ్లీ వేయాలని, 85,000 రూపాయలు అవుతుందని చెప్పారు. కేసింగ్ పట్టీ వేయడం తప్పేమీ కాదు. అయితే లోపలి పాత వైరును రెండు కొసలా విడదీస్తారా అని అడిగితే, ఆయన సూటిగా జవాబు చెప్పలేదు. కరెంటు పారుతూనే ఉన్న వైరును గోడలో వదిలేసి పైన కొత్తది వేయించుకోవడానికి నాకు మనసొప్పలేదు. మూడవవారుగా వచ్చినవారే ఈ మేస్త్రిగారు. అడగగానే తన వైర్‌మన్ పర్మిట్ చూపించారు. చూసి వెళ్లడానికి 300 రూపాయలు, పని ఇస్తే అది కూలిలో కలిసిపోతుందని ముందే చెప్పారు.

ఆ మొదటి రోజు ఆయన ఉలి గాని సుత్తి గాని బయటికి తీయలేదు. వాన పడినప్పుడే కొడుతోందా, ఎండ కాసినప్పుడు కూడానా, స్టవ్ వేసి ఉన్నప్పుడు ఎక్కువగా ఉంటోందా, ఈ గోడకు ఈ మధ్య ఏమైనా బిగించారా అని ఒక్కొక్కటే అడిగారు. ప్యూరిఫయర్ సంగతి ఆ చివరి ప్రశ్నతో బయటపడింది. తరువాత మెయిన్ ఆపి, ఇంట్లోని ప్లగ్గులన్నీ పీకించి, ఎల్ఈడీ బల్బులు కూడా ఊడదీయించి, మెగ్గర్ అనే మీటరుతో ఒక్కొక్క సర్క్యూట్‌నూ విడివిడిగా చూశారు. మెగ్గర్ పంపేది 500 వోల్టులు కాబట్టి, తగిలించి ఉన్న వస్తువుల లోపలి సర్క్యూట్లు దెబ్బతినకుండా ఆ జాగ్రత్త. వైరుపై తొడుగు కరెంటును ఎంత గట్టిగా ఆపుతోందో ఆ మీటరు చెబుతుంది: మన 230 వోల్టుల ఇంటి వైరింగుకు కనీసం ఒక మెగోమ్ (పది లక్షల ఓమ్‌ల నిరోధం) అయినా రావాలి. మా ఇంట్లో మిగతా సర్క్యూట్లన్నీ ఇరవై మెగోమ్‌ల పైనే చూపించాయి. వంటింటి సర్క్యూట్ మాత్రం కరెంటు వచ్చే ఫేజు వైరుకూ, భూమికి కలిపే ఎర్తు వైరుకూ మధ్య 0.08 మెగోమ్ చూపించింది.

ఆ అంకెకు అర్థమేమిటో ఆయన ఒక కాగితం మీద లెక్క కట్టి చూపించారు. 230 వోల్టులను ఆ నిరోధంతో భాగిస్తే సుమారు 3 మిల్లీ ఆంపియర్లు గోడలోకి కారుతున్నట్టు. మనిషి చేతికి ఒక మిల్లీ ఆంపియరు దగ్గరే జిల్లుమనడం తెలుస్తుంది కనుక అమ్మ చెప్పినది అక్షరాలా నిజమే. అప్పుడు నేను, కరెంటు ఎక్కడైనా కారితే సరఫరా ఆపేసే ఆర్‌సీసీబీ పెట్టి ఉంటే ఈ పాటికి అదే పడిపోయి ఉండేది కదా అన్నాను. “లేదండి మాస్టారూ, ఇంట్లో పెట్టేది 30 మిల్లీ ఆంపియర్లదండి, మూడుకి పడదండి. అది పెట్టించుకోవాలి గాని, గోడలోది బాగుచేశాకే పెట్టుకోవాలండి” అన్నారు. దుకాణంలో ఆ వస్తువు అమ్ముకునే మనిషి, నేను దాన్ని కొనడానికి సిద్ధంగా ఉన్నప్పుడు, అది ఏమి చేయగలదో ఏమి చేయలేదో అంత నిక్కచ్చిగా చెప్పడం చూసి పని ఆయనకే ఇవ్వాలని అక్కడికక్కడే నిశ్చయించుకున్నాను. ఇల్లంతా కొత్త వైరింగు వేయాలా అని అడిగితే, మిగతావి బాగానే ఉన్నాయి కనుక ఇప్పుడు ఈ ఒక్క సర్క్యూట్ మార్చితే చాలునని, తక్కినది వీలునుబట్టి తరువాత చూసుకోవచ్చునని చెప్పి, వంటింటి ఎంసీబీ దింపి దానికి టేపు అంటించి వెళ్లారు.

పని మొదలైన రోజు నేను మరీ శ్రద్ధగా గమనించినది దెబ్బ తగిలిన చోటును ఆయన కనిపెట్టిన తీరు. ఫిబ్రవరి నాటి సిమెంటు అతుకు కనిపిస్తూనే ఉన్నా దాన్ని నమ్ముకోలేదు. పైకప్పు దగ్గరి జంక్షన్ బాక్సు మూత తీసి, పైపులోకి స్టీలు స్ప్రింగు తోశారు. అది ఒకచోట అడ్డం తగిలి ఆగిపోయింది. బాక్సు అంచు దగ్గర స్ప్రింగును వేళ్లతో గట్టిగా పట్టుకుని, ఆ పట్టు వదలకుండానే బయటికి లాగి, నేల మీద పరిచి టేపుతో కొలిచారు. తరువాత కింది బోర్డు వైపు నుంచి కూడా అలాగే చేశారు. రెండు కొలతలనూ గోడ మీద పెన్సిలుతో గుర్తు పెడితే, మధ్యలో బారెడు కాదు, జానెడు చోటు మిగిలింది. అతుకు కన్నా అది నాలుగు అంగుళాలు పైకి ఉంది. పైపు అక్కడి వరకూ పగిలిందనీ, లోపల సిమెంటు దిగిందనీ గోడ తెరవకముందే చెప్పారు. తెరిచాక చూస్తే అలాగే ఉంది.

గోడ కోయడంలోనూ తొందరపడలేదు. వంటింటి గుమ్మానికి తడిపిన దుప్పటి వేలాడదీసి, బియ్యం డబ్బాలూ స్టవ్వూ కప్పించి, కటింగ్ మిషనుతో రెండు నిలువు గీతలు కోసి, మధ్యలోది మాత్రమే ఉలితో తీశారు. ఆ గోడ నాలుగున్నర అంగుళాలదే కాబట్టి అడ్డంగా కోస్తే బలం తగ్గుతుందని, ఎంత కావాలో అంతే నిలువుగా తెరిచారు.

లోపల కనిపించిన దాన్ని నేను ఫొటో తీసి ఉంచుకున్నాను. నలుపు టేపు కరిగి సిమెంటులో కలిసిపోయి, ఉలి తగిలితే బొగ్గులా పెళుసుగా రాలింది. కరెంటు తిరిగి వెళ్లే న్యూట్రల్ వైరును డ్రిల్లు సగానికి పైగా తెంచితే, మొదటి మనిషి మిగిలిన పోగులనే కలిపి రెండు మెలికలు తిప్పి వదిలేశాడు. రాగి తన రంగు పోయి నల్లబడింది. అతుకుకు రెండు వైపులా అంగుళంన్నర దాకా తొడుగు మాడి గట్టిపడింది. ఫేజు వైరు తెగలేదు గాని తొడుగు చీరుకుని రాగి కనిపిస్తోంది. తడిసిన సిమెంటు నేరుగా దాన్ని అంటిపెట్టుకుని ఉంది. గోడలోకి కరెంటు కారింది ఆ చీలికలోంచి. గోడ వేడెక్కింది ఈ న్యూట్రల్ అతుకు వల్ల. ఒకే దెబ్బలో రెండు వేర్వేరు తప్పులు ఉన్నాయన్నది అప్పటిదాకా నాకు తట్టలేదు.

ఎంసీబీ ఎందుకు పడలేదన్న నా సందేహానికి కూడా అక్కడే సమాధానం దొరికింది. ఇండక్షన్ స్టవ్ 2000 వాట్లది, అంటే దాదాపు 8.7 ఆంపియర్లు తీసుకుంటుంది. వంటింటి ఎంసీబీ 16 ఆంపియర్లది. దాని దృష్టిలో అంతా సవ్యంగానే ఉంది. కాని వదులు అతుకు దగ్గర నిరోధం అర ఓమ్ ఉన్నా సరే, ఆ కరెంటుకు ఆ ఒక్క చోట సుమారు 38 వాట్ల వేడి పుడుతుంది. రేడియో బాగుచేసేవారి దగ్గర ఉండే సోల్డరింగ్ ఐరన్ ఇంచుమించు అంతే వేడి ఇస్తుంది. వంట చేస్తున్నంతసేపూ గోడలో అలాంటిదొకటి రాజుకుంటూ ఉందన్నమాట. మామూలు పీవీసీ తొడుగు తట్టుకునేది 70 డిగ్రీల వరకే.

ఆ తరువాత నేను అడిగిన ఒక మాటకు ఆయన ఇచ్చిన జవాబు కోసమే ఈ సమీక్ష రాయాలనిపించింది. ఖర్చు తగ్గుతుందేమోనని, మాడిన ముక్క వరకు కోసేసి, మంచి కనెక్టరు పెట్టి అతికితే సరిపోదా అని అడిగాను. “గోడలో జాయింటు పెట్టి పూడ్చనండి. తప్పదంటే ఇక్కడో బాక్సు పెడతానండి, మూత తీస్తే కనబడాలండి. లేదంటే ఆ బాక్సు నుంచి ఈ బోర్డు దాకా ఒకటే వైరు” అన్నారు. అతుకు ఎంత బాగా వేసినా కాలక్రమంలో వదులయ్యే అవకాశం ఉంటుంది. వదులైనప్పుడు విప్పి బిగించుకునేందుకు చేతికి అందాలి. మొదటి మనిషి చేసిన అసలు తప్పు టేపు చుట్టడం కన్నా దాని మీద సిమెంటు పూయడమే అని నాకు అప్పుడు అర్థమైంది. మేము ఒకటే వైరు వేయడానికే ఒప్పుకున్నాము.

పైపులో పాత వైర్లు సిమెంటుతో బిగుసుకుపోయి ఉండడంతో వాటిని మధ్యలో కోసి, రెండు కొసల నుంచీ విడివిడిగా లాగేశారు. పగిలిన పైపును పద్నాలుగు అంగుళాల మేర తీసేసి, కొత్త ముక్కను కప్లింగులతో అతికి, లోపల గరుకు లేకుండా అంచులు చాకుతో గీకి, స్ప్రింగు సాఫీగా పోతోందో లేదో రెండుసార్లు చూసుకున్నారు. వైర్లు 2.5 చదరపు మిల్లీమీటర్లవి: ఫేజుకు ఎరుపు, న్యూట్రల్‌కు నలుపు, ఎర్తుకు ఆకుపచ్చ. ఎంసీబీలు ఉండే డీబీ పెట్టె నుంచి వంటింటి బోర్డు దాకా, మధ్యలో ఎక్కడా తెంపకుండా, ఒక్కొక్కటి పదిహేను మీటర్లు. ముఖానికి రాసుకునే పౌడరు వైర్ల మీద చల్లి, శిష్యుడు పైనుంచి అందిస్తుంటే ఈయన కింద నుంచి మెల్లగా లాగారు. మధ్యలో పట్టేసినప్పుడు బలం ఉపయోగించలేదు. వెనక్కి జరిపి, మెలిక విప్పి, మళ్లీ లాగారు. గట్టిగా లాగితే కొత్త తొడుగు పైపు లోపలే గీరుకుపోతుందట. మళ్లీ మెగ్గర్ పెడితే ఈసారి నూరు మెగోమ్‌లు దాటింది.

అయినా గోడ వెంటనే పూడ్చలేదు. ఇండక్షన్ స్టవ్, ఎలక్ట్రిక్ కెటిల్ ఒకటి తరువాత ఒకటి అరగంటపాటు వాడించి, సాకెట్టునూ పైపునూ చేత్తో తడిమి చూశారు. పాత సాకెట్టు వెనక కాస్త కమిలి ఉంటే మార్చేశారు. ఆ రాత్రంతా గోడను తెరిచే ఉంచి, మరునాడు మళ్లీ చూసి, నన్నూ చూడమని, ఫొటోలు తీసుకోమని చెప్పాకే సిమెంటు కలిపించారు. మా అమ్మను కూడా కుర్చీ వేసి కూర్చోబెట్టి, “ఇదిగోండి మామ్మగారూ, మిమ్మల్ని కొట్టింది ఇదేనండి” అని ఆ కాలిన వైరు ముక్కను చూపించారు.

ఆర్‌సీసీబీ పెట్టిన తరువాత కథ మరో రెండు గంటలు సాగింది. ఫేజులో వెళ్లిన కరెంటు అంతా న్యూట్రల్‌లో తిరిగి వస్తోందో లేదో చూసి, తేడా 30 మిల్లీ ఆంపియర్లకు చేరేలోపే అది సరఫరాను ఆపేస్తుంది. మా ఇంట్లో పెరటి బల్బు వేయగానే అది ఠక్కున పడిపోయేది. ఎప్పుడో ఆ బల్బు న్యూట్రల్ తెగిపోతే, ఎవరో ఎర్తు వైరునే న్యూట్రల్‌గా వాడేశారు. అది 9 వాట్ల బల్బే. అయినా తీసుకునే 40 మిల్లీ ఆంపియర్లు మొత్తం ఎర్తులోకే పోతున్నాయి. చాలామంది ఇలాంటి చోట, ఇది ఊరికే పడిపోతోందని ఆర్‌సీసీబీని పక్కకు తప్పించి వైర్లు నేరుగా కలిపేస్తారని విన్నాను. ఈయన నిచ్చెన వేసుకుని పెరటి బాక్సు విప్పి, తెగిన న్యూట్రల్‌ను వెతికి పట్టుకుని, సరిచేసిన తరువాతే దిగారు. ఆ రెండు గంటలకు అదనంగా ఏమీ అడగలేదు.

లెక్క ఇలా తేలింది: రెండున్నర రోజులకు ఇద్దరి కూలి 5,000, నలభై అయిదు మీటర్ల వైరు 1,620, ఆర్‌సీసీబీ 2,150, పైపు, కప్లింగులు, సాకెట్టు, స్విచ్చులు కలిపి 930, మొత్తం 9,700 రూపాయలు. మొదటి రోజు ఇచ్చిన 300 ఇందులో కలిసే ఉంది. కేసింగ్ పట్టీ ధరకు ఇది మూడు రెట్లకు దగ్గర. ఇల్లంతా మార్చమన్నవారి ధరలో తొమ్మిదో వంతు. చేసిన పనిని చూస్తే ఒక్క రూపాయి కూడా ఎక్కువ అనిపించలేదు.

లోపాలు లేవని కాదు. రెండవ రోజు తొమ్మిది గంటలకు వస్తామన్నవారు పన్నెండున్నరకు వచ్చారు. ఫోను చేస్తే ఎత్తలేదు, తరువాతైనా తిరిగి చేయలేదు. వంటిల్లు విప్పేసి ఉన్న ఇంట్లో, వేళకు మందులు వేసుకోవలసిన పెద్దావిడ ఉన్నప్పుడు, ఆ మూడున్నర గంటలు తక్కువేమీ కావు. బిల్లు తెల్లకాగితం మీద పెన్నుతో రాసి ఇచ్చారు. దుకాణం ముద్ర వేసిన బిల్లు కావాలని రెండుసార్లు అడగవలసి వచ్చింది, ఆర్‌సీసీబీ వారంటీకి అది అవసరం కూడా. గోడ పూడ్చడంలో మాత్రం ఆయన పనితనం సాధారణం. అతుకు మీద జాలీ గుడ్డ వేయలేదు, నీళ్లు పట్టమని గట్టిగా చెప్పలేదు. రెండు వారాలకే నిలువునా వెంట్రుకవాసి పగులు వచ్చింది. తాపీమేస్త్రిని పిలిచి మళ్లీ చేయించి, లప్పం పెట్టించి, రంగు వేయించడానికి 1,800 రూపాయలు వేరే అయ్యాయి. ఈ ఖర్చు ఉంటుందని మొదటే చెప్పి ఉండవలసింది. ఈ మూడు సంగతులూ ఆయనకు ముఖాముఖిగా చెప్పాను. కాదనలేదు, తాపీపనికి ఇకముందు వేరే మనిషిని పెట్టుకోమని ముందే చెబుతానన్నారు.

అడిగితే చేసిన ఒక మంచి పనిని కూడా చెప్పాలి. వంటింట్లో పైపులు ఎక్కడెక్కడ వెళుతున్నాయో నేల నుంచి, తలుపు అంచు నుంచి కొలతలతో సహా ఒక కాగితం మీద గీయించుకుని, డీబీ పెట్టె తలుపు లోపలి వైపు అంటించాము. ప్యూరిఫయర్‌ను ఆ బొమ్మ చూసుకునే కుళాయికి అవతలి వైపు బిగించుకున్నాము. ఆ కాగితం ఫిబ్రవరిలోనే ఉండి ఉంటే ఇదంతా జరిగేది కాదు. ఎవరితో వైరింగు చేయించుకున్నా గోడ పూడ్చే ముందు ఆ బొమ్మా, రెండు ఫొటోలూ అడిగి తీసుకోమని నా మనవి.

అక్టోబరులో పది రోజులు విడవకుండా వానలు పడ్డాయి. గోడ చెమ్మగిల్లింది గాని టెస్టరు వెలగలేదు. దీపావళి వెళ్లాక ఆయన దారిన పోతూ ఆగి, డబ్బు తీసుకోకుండా మెగ్గర్ పెట్టి చూస్తే వంటింటి సర్క్యూట్ నూరు మెగోమ్‌ల పైనే ఉంది. సంక్రాంతి అయిపోయాక ముందు గదులలోని వైర్లు కూడా మార్చే పని ఆయనకే ఇచ్చాము. తాపీపనికి మాత్రం వేరే మనిషిని మాట్లాడుకున్నాము, పొద్దున తొమ్మిదికి రాలేకపోతే ఎనిమిదిన్నరకే ఫోను చేయాలని ఒప్పందం చేసుకున్నాము. అమ్మ ఇప్పుడు కుళాయి తిప్పేటప్పుడు ఎప్పటిలా ఆ గోడకే చెయ్యి ఆనించి నిలబడుతోంది.